మూడో గడి

"నేను రాయ సార్" అంటూ ఆమె పెన్సిల్‌ను బల్ల మీద పెట్టింది.

గొంతు పెంచలేదు. పెన్సిల్‌ను విసరలేదు కూడా. దొర్లిపోకుండా కాగితం అంచుకు ఆనించి పెట్టింది. గదిలో నలుగురం ఉన్నాం. ఆమె, ప్రయోగశాలను నడిపే పెద్ద సార్, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మందుల కంపెనీ ప్రతినిధి, మూలన కుర్చీలో విలేఖరిని నేను. బల్ల మీది కాగితంలో రెండు గడులున్నాయి. ఒకదాని పైన బతికిన కణాలు అని, రెండోదాని పైన చనిపోయిన కణాలు అని ఇంగ్లిష్‌లో అచ్చయి ఉంది. మొదటి గడిలో ఆమె అంకె వేసింది. రెండోది ఖాళీ. అక్కడ కూడా అంకె పడి, కింద ఆమె సంతకం పడితే, ప్రతినిధి ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకుని సాయంత్రం విమానం ఎక్కుతాడు. తమ కొత్త మందు క్యాన్సర్ కణాలను ఏ మేరకు చంపుతుందో కంపెనీకి తెలుస్తుంది. అంకె వాళ్లకు నచ్చితే ప్రయోగశాలకు ఇంకా పని వస్తుంది.

ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. దాన్ని పొడిగించాల్సిన సంతకం పెద్ద సార్‌ది. ఈ సంగతి ఆ గదిలో ప్రతినిధికి తప్ప మిగతా ముగ్గురికీ తెలుసు.

"రాయకపోవడం ఏంటమ్మా? లెక్క మీరే పెట్టారు కదా?" అన్నారు పెద్ద సార్. ఆయనది కోస్తా. కోపం వచ్చినా 'మీరు' వదలరు.

"పెట్టిన సార్. ఆకుపచ్చగ మెరుస్తున్నయి ఎన్నో పెట్టిన. సచ్చినయి ఎన్నో ఇంక తెల్వది."

ఆ మాట వెనక ఏముందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పోయిన నెల ఆమె చనిపోయింది. ఈ వాక్యం రాసే ముందు రెండు చోట్ల కనుక్కున్నాను. బడంగ్‌పేట్‌లో వాళ్లింట్లో ఒకసారి, ప్రయోగశాలలో ఒకసారి. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసినవాడికి అది అలవాటే. కానీ ఆమె విషయంలో అలవాటు ఒక్కటే కారణం కాదు. పేరు రాయకపోవడానికి కారణం ఆమే. "పేరెందుకన్నా, పని రాయున్రి" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. బతికుండగా నేను పాటించిన మాటను ఇప్పుడు తప్పడం బాగుండదు.

ఆమె నాకు మొదట గొంతుగానే తెలుసు. విమానాశ్రయానికి తూర్పున, మంఖాల్ దాటాక, రేకుల షెడ్లూ గోదాములూ ఉన్న వరసలో ఆ ప్రయోగశాల ఉంది. అక్కడ మెరిసే సూక్ష్మ రేణువులతో కణాలను ఫొటోలు తీస్తున్నారని తెలిసి ఆదివారం పేజీకి ఒక వ్యాసం రాశాను. పెద్ద సార్‌తో గంటసేపు మాట్లాడి, ఆయన ఇచ్చిన రంగుల ఫొటో వేసి, తృప్తిగా పడుకున్నాను. సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"అన్నా, పేపర్ల మా గింజల గురించి రాసింది మీరేనా?"

"గింజలా? నేను కణాల గురించి రాశానమ్మా."

"అవే. మూడో పేరా చూడున్రి. ఆకుపచ్చగ మెరిసేటివి సచ్చిన కణాలని రాసిన్రు. సచ్చినయి కాదన్నా, సస్తున్నయి."

పాఠకుడికి ఆ తేడా పెద్దగా పట్టదని నచ్చజెప్పబోయాను. అప్పుడే ఫోన్‌లో పెద్ద మోత. ఆమె ఆగిపోయింది. లైన్ తెగిందనుకుని రెండుసార్లు హలో అన్నాను. మోత తగ్గాక ఏమీ జరగనట్టే అందుకుంది.

"మీ పేపర్ల ఒకరోజు పరిస్థితి విషమం అని రాస్తరు. ఇంకోరోజు మృతి అని రాస్తరు. రెండు ఒకటేనా?"

నేను పేపర్ తెరిచి మూడో పేరా వెతికాను.

"బాలాపూర్ గణేశుని లడ్డు వేలంపాట ప్రతి ఏడు మీరే రాస్తరంట గదా. ఎవరు పాడిన్రు, ఎంతకు పాడిన్రు, ఒక్క రూపాయి అటిటు గాదు. లడ్డుకున్న ఇజ్జత్ మా గింజలకు లేదా అన్నా?"

మరుసటి వారం సవరణ వేశాం. పేజీ అడుగున రెండు లైన్లు. నా ఉద్యోగంలో నేను వేసిన సవరణలు చాలానే ఉన్నాయి గానీ, వేసినందుకు ఎవరూ ఫోన్ చేసి మెచ్చుకోలేదు. ఆమె చేసింది. "మంచిగుంది. ఇగ ఒకసారొచ్చి కండ్లతో చూసిపోన్రి. చూడకుండ రాసిన్రు గదా" అంది. మెచ్చుకోలు అంతవరకే.

వెళ్లాను. మైక్రోస్కోప్ ఉండే చీకటి గది తలుపు మీద నా రెండు లైన్ల సవరణ కత్తిరించి అంటించి ఉంది. నల్ల తెర తొలగించుకుని ఆమె బయటికి వచ్చింది. నలభై దాటిన మనిషి. జడలో పెన్సిల్, మెడలో వేలాడే ఐడీ కార్డు, తెల్ల కోటు కింద నేత చీర. వెలుతురుకు కళ్లు చిట్లించి నన్ను పైకీ కిందకీ చూసి, మొదట అడిగింది నా ఫోన్. ఇచ్చాను. డ్రాయర్‌లో పడేసి తాళం వేసింది.

"లోపల కూసోన్రి. కండ్లు సల్లబడనియ్యున్రి."

ఎవరు వచ్చినా అంతే. కళ్లు చీకటికి అలవాటు పడేలా పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అప్పటిదాకా మైక్రోస్కోప్ దగ్గరికి రానివ్వదు. కంప్యూటర్ తెర మీద బొమ్మ ఎటూ కనిపిస్తుంది కదా అంటే, "తెర మీద మిషన్ చూసింది చూస్తరు. మీరు చూసుడు వేరే" అనేది. పెద్ద సార్ కూడా ఆ పది నిమిషాలు కూర్చునేవారని తర్వాత తెలిసింది. ఆయన ఆ సమయంలో కునుకు తీసేవారట. "గురక పెడితె కండ్లు సల్లబడ్డట్టు లెక్క" అని ఆమె నవ్వేది.

ఆ చీకట్లోనే నాకు పాఠం జరిగింది. ఆ రేణువులు ఎంత చిన్నవంటే, వెంట్రుక మందాన్ని వెయ్యి పాళ్లు చేస్తే అందులో ఒక పాలు. సీసాలో చూస్తే గంజినీళ్లలా ఉంటాయి. నీలి కాంతి వేస్తే ఆకుపచ్చగా వెలుగుతాయి. బాగున్న కణానికి అవి అంటవు. కణం చావుకు దిగినప్పుడు దాని పైపొరలో లోపలివైపు ఉండాల్సిన ఒక రకం కొవ్వు బయటివైపు తిరుగుతుంది. ఆ కొవ్వును పట్టుకునే పూత రేణువుల మీద వేస్తారు. అవి పోయి అక్కడ అతుక్కుంటాయి.

"కోటు అస్తరు బయటికి తిరిగినట్టన్నా" అంది ఆమె. "తిరగేసి తొడుక్కున్నోడు పరేషాన్ల ఉన్నడని తెలుస్తది. సచ్చిండని చెప్తమా?"

చచ్చిపోయినదాన్ని గుర్తుపట్టడానికి ఇంకో రంగు ఉంది. అది ఎరుపు. కణం పైపొర చిరిగితే తప్ప అది లోపలికి పోదు. ఆకుపచ్చ ఒక్కటే ఉంటే పోతున్నట్టు. ఆకుపచ్చతో పాటు ఎరుపూ వస్తే పోయినట్టు. పాతకాలపు రంగులు వెలుతురు తగిలితే నిమిషాల్లో వెలిసిపోయేవి. ఈ రేణువులు గంటల తరబడి వెలవవు. అంటే సాయంత్రం చూసిన కణాన్నే గుర్తుపట్టి పొద్దున మళ్లీ చూడొచ్చు. ఈ ఒక్క సౌకర్యాన్ని ప్రయోగశాలలో అందరికన్నా గట్టిగా పట్టుకున్నది ఆమే.

పది నిమిషాలయ్యాక కన్ను ఆనించమంది. నల్లటి నేల మీద అక్కడక్కడ ఆకుపచ్చ ఉంగరాలు. బతికున్న కణం తనను పెంచే పళ్లేనికి అతుక్కుని, కాళ్లూ చేతులూ చాపుకుని పడుకున్నట్టు ఉంటుంది. చావుకు దిగినది ముడుచుకుంటుంది. ఒళ్లంతా బుడిపెలు లేస్తాయి, పెనం మీద పేలబోయే జొన్నగింజలా. నేను అలా చూస్తుండగానే ఆమె ఎడమచేతి చూపుడు వేలు పైకెత్తింది. నల్ల తెర అంచు నుంచి వచ్చిన గీతంత వెలుతురులో ఆ వేలు నా రెండో కంటికి కనిపించింది. గది పైకప్పు మీదుగా విమానం దిగుతోంది. బల్ల సన్నగా వణికింది. కణాలు వణికాయి. మోత పోయాక వేలు దించి, కెమెరా మీట నొక్కింది.

ఫోన్‌లో ఆ ఆగడం ఏమిటో అప్పుడు అర్థమైంది. విమానం పోతుంటే ఫొటో తీస్తే బొమ్మ చెదురుతుంది. ఆ అలవాటు మాటకు కూడా పాకింది. వాక్యం మధ్యలో ఉన్నా సరే వేలెత్తి ఆగేది. పోయాక సరిగ్గా ఆగిన పదం నుంచే అందుకునేది. నేను ఆమెను కలిసిన ప్రతిసారీ ఆ వేలు చూశాను. అవతల ఎవరున్నారన్నది ఆ వేలికి పట్టదు. ఒకసారి గేటు దగ్గర ఆటో అతనితో కిరాయి గొడవలో కూడా వేలెత్తింది. అతనూ తిట్టడం ఆపి మోత తగ్గేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాత ఇద్దరికీ కోపం సగమే మిగిలింది.

కణాలను ఆమె చివరిదాకా గింజలనే అంది. కుర్ర శాస్త్రవేత్తలు ఆటపట్టిస్తే, "మీరు పేరు మార్చుకోన్రి, నాకెందుకు" అనేది. ఆ అలవాటు వాళ్ల బాపు నుంచి వచ్చింది. అది ఆమె నాకు చెప్పింది కూడా చీకటి గదిలోనే, ఇంకో రోజు.

మంఖాల్ పక్క ఎర్రమట్టి చెల్క భూమిలో వాళ్ల బాపు ఆముదాలు వేసేవాడు. తొలకరికి ముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టేవాడు. కొన్ని రోజులకు విప్పి కుప్పలు చేసేవాడు. మొలకొచ్చినవి ఒక కుప్ప. మురిగిపోయినవి ఒక కుప్ప. మొలకా లేక, మురుగూ లేక గట్టిగా ఉన్నవి మూడో కుప్ప. ఆ మూడో కుప్పను మళ్లీ తడిపి మళ్లీ చుట్టేవాడు. దాన్ని ఆయన 'చూడాలె' అనేవాడు. ఆముదం గింజ మొండిది, నిదానంగా లేస్తుంది.

"నాకు పదేండ్లుంటయేమో. బాపు ఊరికి పోతు, గింజలు విప్పి లెక్క పెట్టు బిడ్డా అన్నడు. పెట్టిన. మూడో కుప్ప చూసిన, ఏం కదలలే. ఇవి సచ్చినయని తీస్కపోయి పెంట మీద పారేసిన. లెక్క రెండే చెప్పిన. బాపు వానపడ్డ వారానికి చెయ్యి పట్టుకోని పెంట కాడికి తీస్కపోయిండు. చూస్తే ఏమున్నది, పెంట నిండ ఆముదం మొక్కలు."

"కొట్టాడా?"

"కొడితె గన మర్చిపోతుంటి. 'నువ్వు సంపినయి ఎట్ల నిలబడ్డయో చూడు' అని నవ్విండు. ఆ యాడాదంత ఇంటికి ఎవరొచ్చినా పెంట కాడికి తోల్కపోయి చూపిచ్చిండు. మా బిడ్డ సంపిన చెట్లు అని."

అప్పుడు నేను నా సంగతి చెప్పాల్సి వచ్చింది. చీకటిలో ఒకరు ఒకటి చెబితే రెండోవాళ్లు ఊరుకోలేరు. విలేఖరిగా కొత్తలో, శంషాబాద్ దగ్గర లారీ ప్రమాదం జరిగితే, దవాఖాన గేటు దగ్గర విన్న మాటతో మృతుల్లో నలుగురి పేర్లు పంపాను. పొద్దున పేపర్‌లో వచ్చింది. నాలుగో మనిషి లోపల మంచం మీద ఉన్నాడు, ఊపిరి తీస్తూ. వాళ్ల ఊళ్లో పాడె కట్టడానికి వెదుళ్లు కొట్టారు. ఆ మనిషి ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు. నేను ఎప్పుడు ఆ ఊరికి పోయినా, దూరం నుంచే చూసి కేకేసేవాడు: "నన్ను సంపినోడు వచ్చిండు, చాయ్ పొయ్యున్రి!"

ఆమె పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"గంత జరిగినంక గూడ, ఆ మూడో పేరా ఎట్ల రాసిన్రన్నా?"

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వద్దాం.

ఆ రోజు నేను అక్కడ ఉండడం పెద్ద సార్ ఏర్పాటే. కంపెనీ ప్రతినిధి వస్తున్నాడు, పెద్ద ఒప్పందం కుదరొచ్చు, వార్త అవుతుందని పిలిచారు. పరీక్ష సులువైనదే. పళ్లెంలో క్యాన్సర్ కణాలకు మందు వేశారు. కొన్ని గంటలాగి రేణువులు, ఎర్ర రంగు వేశారు. అక్కడి పద్ధతి ప్రకారం ఆకుపచ్చగా వెలిగినవన్నీ చనిపోయినవాటి గడిలోకి పోతాయి. ఏళ్లుగా అలాగే పోతున్నాయి. పోతున్నది ఎలాగూ పోతుంది, ఇంకో రోజు ఆగడం ఎందుకని అందరి లెక్క. ఆమె కూడా అలాగే రాస్తూ వచ్చింది. ఆ రోజు రాయలేదు.

"ఆకుపచ్చ వచ్చిందంటే పోయినట్టేనమ్మా. పుస్తకాల్లో అదే ఉంది" అన్నారు పెద్ద సార్.

"పోతున్నట్టు సార్. ఎర్రది రాలే వీటికి. మందు కడిగేసి, మంచి నీరు పోసి, పొద్దుగాల్ల దాక కెమెరా పెడత. రేపు రాస్త."

ఆమె మంచి నీరు అన్నది కణాలకు పోషణనిచ్చే ద్రవాన్ని. ప్రతినిధికి తెలుగు కొద్దిగా వచ్చు. గడియారం చూసుకున్నాడు. రేపు చూస్తే అంకె మారుతుందా అని అడిగాడు.

"ఏమో సార్. తెలిస్తే గిప్పుడే రాస్తుంటి గదా."

"ఇన్నాళ్లూ రాశారు కదా?" పెద్ద సార్ గొంతు మొదటిసారి గట్టిపడింది.

ఆమె తల దించుకుంది. తప్పు ఒప్పుకున్నట్టే ఉంది ఆ దించుకోవడం. "రాసిన సార్. మొన్న ఈ మందుతోనే ఉత్తగ ఒక పళ్లెం పారేయకుండ పక్కకు పెట్టిన. పొద్దున చూస్తే ముడుచుకున్నయి కొన్ని మల్ల పరుచుకున్నయి. గప్పటి సంది నాకు చెయ్యి వస్తలేదు."

"అయితే నేనే రాసుకుంటాను."

"రాసుకోన్రి సార్. కింద నా పేరు మాత్రం పెట్టకున్రి."

పెద్ద సార్ పెన్ను తీశారు. అప్పుడు ఆమె ఎడమచేతి వేలు లేచింది. ఆయన్ను ఆపడానికి కాదు. పైన విమానం వస్తోంది. కానీ ఏళ్ల తరబడి ఆ వేలుకు అలవాటుపడ్డ పెద్ద సార్ పెన్ను గాల్లో ఆపి నిలబడ్డారు. ప్రతినిధి కూడా ఎందుకో తెలియకుండానే నిలబడ్డాడు. విమానం పెద్దదే, మోత చాలాసేపు పోలేదు. అది పోయేసరికి పెద్ద సార్ పెన్నుకు మూత పెట్టేశారు.

"రేపు పంపుతాం" అన్నారు ప్రతినిధితో. "మీరు విమానం ఎక్కండి."

ప్రతినిధి సంచి తీసుకుని పోయాడు. అతను వాకిలి దాటాక పెద్ద సార్ ఆమె వైపు చూడకుండా తన గదిలోకి పోయారు. ఆమె చేతులకు కొత్త తొడుగులు వేసుకుని పళ్లెం కడగడానికి పోయింది. నేను ఆ రోజు ఏ వార్తా రాయలేదు.

పొద్దున తొమ్మిదికల్లా అక్కడికి పోయాను. ఆమె అప్పటికే బస్సు దిగి వచ్చి, కెమెరా తీసిన బొమ్మలన్నీ వరసగా పెట్టింది. ముందురోజు ఆకుపచ్చగా ఉన్న ప్రతి కణం చుట్టూ తెర మీద తెల్లటి సున్నా చుట్టి పెట్టింది. పెద్ద సార్ కూర్చున్నారు. ఆమె మీట నొక్కుతుంటే బొమ్మలు కదిలాయి. చాలా సున్నాల్లో కణాలు పగిలాయి. ఎరుపు నిండింది. వాటి సంగతి తేలిపోయింది. కొన్ని సున్నాల్లో ఎరుపు రాలేదు. ముడుచుకున్న కణం మీది బుడిపెలు ఒక్కొక్కటే అణిగాయి. అది మెల్లగా చదునైంది. అంచు నుంచి ఒక కాలు చాపింది, తర్వాత ఇంకొకటి. అలాంటివి పదకొండు. వాటిలో ఒకటి తెల్లవారుజాముకు గుండ్రంగా తిరిగి, నడుము దగ్గర సన్నబడి, రెండుగా విడిపోయింది. తల్లి మీద అంటుకున్న ఆకుపచ్చ రేణువులు అప్పటికే లోపలికి పోయాయి. అవి పిల్లలు రెండింటికీ చెరి కొన్ని వచ్చాయి. చావు గుర్తు పెట్టుకుని పుట్టిన రెండు కణాలు తెర మీద పక్కపక్కన ఉన్నాయి.

పెద్ద సార్ ఆ బొమ్మలను ఇంకోసారి తిప్పించి చూశారు. ఆ తర్వాత అన్నారు, "రేణువులు తప్పుగా అంటుకుని ఉండొచ్చు. ఇవి అసలు చావుకు దిగనే లేదేమో."

"అయ్యుండొచ్చు సార్."

"లేదా సగం దాకా పోయి వెనక్కి వచ్చి ఉండొచ్చు. అలా వస్తాయని కొందరు అంటున్నారు."

"అది గూడ అయ్యుండొచ్చు."

"మీరేమనుకుంటున్నారు?"

"నేననుకునుడేంది సార్. మల్ల చూడాలె."

పెద్ద సార్ ముఖంలో ఆ రెండు దారులూ ఎక్కడికి పోతాయో కనిపించింది. రేణువులు తప్పు చెప్పి ఉంటే, ఆ ప్రయోగశాల ఇన్నాళ్లూ పంపిన కాగితాలన్నీ మళ్లీ చూసుకోవాలి. కణాలు నిజంగా తిరిగి వచ్చి ఉంటే సంగతి ఇంకా పెద్దది. మందు ఆపగానే రోగి ఒంట్లో కూడా అలా తిరిగి వచ్చేవి ఉంటాయేమో అని అడగాలి. ఏదీ సుఖమైన దారి కాదు.

ఆమె కాగితం ముందుకు జరుపుకుంది. జడలోంచి పెన్సిల్ తీసి, రెండో గడి పక్కన స్కేలుతో గీత కొట్టి మూడో గడి చేసింది. రెండో దానిలో ఎరుపు వచ్చినవాటి లెక్క వేసింది. మూడో దానిలో 11 వేసి, పైన తెలుగులో 'చూడాలె' అని రాసింది. అప్పుడు సంతకం చేసింది. పెద్ద సార్ ఆ కాగితాన్ని అలాగే, తెలుగు మాటతో సహా, కంపెనీకి పంపారు. ఆ నిర్ణయం ఆయనది. దాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు.

కంపెనీ జవాబు ఇవ్వలేదు. తర్వాతి పరీక్షలు ఇంకెక్కడో చేయించుకుంది. ఆమె కాంట్రాక్టు పొడిగింపు నెలాఖరుకు మూడు రోజుల ముందు వచ్చింది. "సంతకం అయితే పెట్టిన్రు గాని, వారం దినాలు నన్ను చాయ్ తాగుతరా అని అడగలే" అని ఫోన్‌లో నవ్వింది. ఎనిమిదో రోజు అడిగారట. ఇప్పుడు అక్కడి కాగితాలన్నీ మూడు గడులతోనే అచ్చవుతున్నాయి. మూడోదాని పైన ఇంగ్లిష్‌లో ఏదో పొడుగాటి మాట ఉంది. పనిచేసేవాళ్లు మాత్రం దాన్ని చూడాలె గడి అనే అంటారు. కేరళ నుంచి వచ్చిన అమ్మాయి కూడా అలాగే అంటుంది.

ఆ పరీక్షను వాళ్లు మళ్లీ చేశారు, చాలాసార్లు. ఒక్కోసారి కొన్ని తిరిగి వచ్చేవి, ఒక్కోసారి ఒక్కటీ వచ్చేది కాదు. ఈలోగా ఆమె ఎవరూ చెప్పని పని ఒకటి చేసింది. చావు గుర్తుతో పుట్టిన ఆ రెండు కణాలను, బియ్యంలో రాయి ఏరినట్టు, సన్నటి గొట్టంతో పళ్లెంలోంచి తీసింది. వేరే పళ్లెంలో పెట్టి, మేత మారుస్తూ వారాలపాటు పెంచింది. వాటి సంతతి పళ్లెం నిండాక చిన్న సీసాలోకి ఎత్తి గడ్డకట్టించింది. "బాపు ఉంటే పెంట కాడికి తీస్కపోయినట్టు అందరికి చూపిస్తుండె" అంది.

పోయిన నెల బడంగ్‌పేట్‌లో వాళ్లింటికి పోయాను. ఆమె భర్త, కూతురు వరండాలో కూర్చున్నారు. మాటల మధ్య పైన విమానం పోయింది. ఇద్దరూ ఒకేసారి మాట ఆపారు. మోత తగ్గేదాకా ఆగి, కూతురు ఆపిన పదం నుంచే అందుకుంది. తను ఆగిన సంగతి ఆ పిల్లకు తెలిసినట్టు లేదు.

తిరుగు దారిలో ప్రయోగశాలకు కూడా పోయాను. చీకటి గది తలుపు మీద నా సవరణ పసుపు రంగుకు తిరిగింది. పెద్ద సార్ నన్ను నిల్వ గదిలోకి తీసుకెళ్లారు. ద్రవ నత్రజని డబ్బా మూత తీస్తే తెల్లటి ఆవిరి కాళ్ల దాకా దిగింది. అరల్లో వందల సీసాలు, వాటి మీద అచ్చు అంకెలు. ఒక్కదాని మీద మాత్రం పెన్సిల్ రాత ఉంది.

"ఎందుకు తెరవలేదు ఇన్నాళ్లూ?" అని అడిగాను.

"ఒకటే సీసా అండి. కరిగిస్తే వెంటనే వాడుకోవాలి. దాన్ని ఏమని అడగాలో ముందు మాకు తేలాలి. ఆవిడ ఉంటే ఆవిడే చేసేవారు" అన్నారు. మూత పెట్టేశారు.

ఆ కణాలకు రేణువులు పొరపాటున అంటుకున్నాయా, లేక అవి చావు దాకా పోయి వచ్చాయా అన్నది ఇంకా తేలలేదు. సీసా నత్రజని డబ్బాలో మూడో అరలో ఉంది. దాని మీద ఆమె చేతిరాతలో 'చూడాలె' అని ఉంది. ఇంతవరకు ఎవరూ చూడలేదు.